కూజా కుర్చీ

వంకరపోయిన మేకుని తిన్నగా చెయ్యాలంటే దాని నెత్తిన బాదకూడదు. రాతి మీద పడుకోబెట్టి, వేలితో దొర్లిస్తూ, ఒంపు పైకి వచ్చినప్పుడల్లా సుత్తితో చిన్నగా తట్టాలి. కందిపప్పు ఉడికేలోపల ఇరవై మేకులు తయారవుతాయి. పెళ్లయి జగ్గయ్యపేట వచ్చిన మర్నాటి నుంచీ కాదు గానీ, రెండో ఏడు నుంచి పొయ్యి ముందు కూర్చుని నేను చేస్తున్న పని ఇదే. ఇంటికి ఎవరైనా వస్తే మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు. "మా ఇంటావిడకి మేకుల పిచ్చండీ. ఆడవాళ్లకి నగల పిచ్చి ఉంటుంది చూడండి, ఈవిడకి ఇది." వచ్చినవాళ్లు కూడా నవ్వేవాళ్లు. వాళ్లు కూర్చుని నవ్వే బల్ల ఆ మేకులతో బిగించిందే. అది మాత్రం ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

నా పేరు దేవమణి. మా నాన్న జ్ఞానయ్య నందిగామలో మిషను కాంపౌండులో వడ్రంగం పని చేసేవాడు. బెంచీలు, కిటికీలు, గుడి తలుపులు, చనిపోయినవాళ్లకి పెట్టెలు, అన్నీ ఆయన చేతిమీదుగానే. ఆయనకి మగపిల్లలు లేరు. రంపానికి రెండో కొస పట్టడానికి ఎవరో ఒకరు కావాలి గనక ఎనిమిదో ఏట నుంచి నేను పట్టాను. నన్ను కృపారావు మాస్టారికి ఇచ్చేటప్పుడు, "ఇంక నీ చేతులు కాయలు కాయవులేమ్మా" అని సంబరపడ్డాడు. అంత సంబరపడ్డ మనిషి ట్రంకు పెట్టె అడుగున, చీరల కింద, తన చిన్న రంపం, ఒక ఉలి, చిత్రిక, బరమా పెట్టి పంపాడు. ఎందుకు పెట్టాడో ఆయనకీ తెలియదనుకుంటాను.

ట్రంకు తెరిచిన రోజు మా అత్త పుల్లమ్మ ఆ రంపాన్ని పాముని చూసినట్టు చూసింది. "నా కొడుకు మాస్టరు. వాడికి వడ్లోడి కూతుర్ని చేశారా, వడ్లోణ్ణే చేశారా?" అంది. నేను ట్రంకు మూసేశాను. ఏడాది దాకా మళ్లీ తెరవలేదు.

తెరిపించింది వంటచెరుకు. ఊళ్లో దశరథరామయ్యగారు ఆయిలింజన్లు అమ్మేవారు. మెట్ట పొలాల్లో బావులున్న రైతులంతా కొంటున్న రోజులవి. ఆ ఇంజన్లు పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో వచ్చేవి. వాళ్ల పిల్లలకి మా ఆయన ట్యూషను చెప్తాడని ఖాళీ పెట్టెలు మాకు పంపేవారు, పొయ్యిలోకి. మొదటి పెట్టె గొడ్డలితో చీల్చినప్పుడు చెక్కలోంచి ఒక వాసన వచ్చింది. నాన్న చొక్కా వాసన. గొడ్డలి పక్కన పెట్టి ఆ వాసన చూస్తూ కూర్చుండిపోయాను. "ఏందే, ఇంకా పొయ్యి రాజెయ్యలా?" అని అత్త కేకేసేదాకా నాకు ఒళ్లు తెలియలేదు. ఆ పూట కందికంపతో వంట చేశాను.

పెట్టెచెక్క మన టేకులాంటిది కాదు. తెల్లగా, మెత్తగా ఉంటుంది. అంచు దగ్గర మేకు కొడితే నిలువునా చీలిపోతుంది. చీలకుండా ఉండాలంటే మేకు మొనని ముందు సుత్తితో తట్టి మొండి చేసి, అప్పుడు కొట్టాలి. పదునుగా ఉంటేనే దిగుతుందని అందరూ అనుకుంటారు గానీ పదును చీలుస్తుంది. ముందు గిన్నెల స్టాండు చేశాను. తర్వాత పీట. తర్వాత ట్యూషను పిల్లలకి బల్ల. చివరికి మా ఆయన నోట్సు రాసుకోవడానికి మేజా. ఆ మేజా మీద మోచేతులు ఆనించి ఆయన అనేవాడు, "దేవమణీ, ఆ చప్పుడు కాసేపు ఆపుతావా? ఇక్కడ పని చేసుకుంటున్నాను." ఎవరైనా "మేజా బాగుందే మాస్టారూ, ఎక్కడిది?" అంటే "ఇక్కడే చేయించాను" అనేవాడు. వంటింట్లోంచి వినేదాన్ని. అబద్ధమేమీ కాదు కదా అని సర్దుకునేదాన్ని. సర్దుకోవడం కూడా ఒక పనే, దాన్ని ఎవరూ పనిలో లెక్కవెయ్యరు గానీ.

యాభై ఎనిమిది వర్షాల్లో అత్త బావి దగ్గర జారిపడింది. తుంటి విరిగింది. ఆస్పత్రిలో మూడు వారాలు ఉంచి, ఇంక నడవదని చెప్పి పంపేశారు. వెనక వసారాలో మంచం వేశాం. మేముండే కాంపౌండులో ఎవరికీ దొడ్డి లేదు. తెల్లవారకముందే తుమ్మచెట్ల వైపు పోవాల్సిందే. పోలేని మనిషికి ఏం చెయ్యాలి? గంపలో బూడిద పోసి, ఆవిణ్ణి చంకల కింద చేతులేసి ఎత్తి, గంప మీద కూర్చోబెట్టి, పడిపోకుండా ఎదురుగా నిలబడి పట్టుకోవాలి. ఆవిడ ముఖం నా పొట్టకి ఆనుకుని ఉండేది. ఆవిడ కళ్లు మూసుకునేది, నేను గోడ వైపు చూసేదాన్ని. రోజుకి నాలుగుసార్లు, ఐదుసార్లు. ఆ మధ్యలో వంట, నీళ్లు, దంపుడు, బట్టలు.

మా ఆయన తల్లిని ప్రేమగా చూసుకునేవాడు. ఇది ఎగతాళికి అనడం లేదు. పొద్దున స్కూలుకి పోయేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి వసారా గడప దగ్గర నిలబడి, "ఎట్టా ఉందమ్మా?" అని అడిగేవాడు. "బాగానే ఉందయ్యా" అనేది ఆవిడ. "టైముకి తిను. మణి పెడుతోందా?" "పెడుతోందయ్యా." అంతే. చెప్పులు విడిచి మళ్లీ తొడుక్కోవడం ఆలస్యమని గడప దాటేవాడు కాదు.

నాలుగో నెలలో అత్త నీళ్లు తాగడం మానేసింది. గ్లాసు ఇస్తే రెండు చుక్కలు తడుపుకుని పక్కన పెట్టేది. పెదాలు పగిలి నెత్తురు చారలు కట్టాయి. "దాహంగా లేదా అత్తా?" అన్నాను. ఆవిడ అటు తిరిగి అంది. "తాగితే మళ్లీ నిన్ను పిలవాలి గదే."

నాలుగు నెలలుగా ఆవిడ నన్ను సాధిస్తోందనుకున్నాను. ఆవిడేమో దాహాన్ని దిగమింగుకుంటోంది.

ఆ రోజే కుర్చీ మొదలుపెట్టాను. ఆవిడ చీర అంచుతోనే కొలతలు తీశాను, మోకాలి నుంచి మడమకి, మోచేతి నుంచి మోచేతికి. సీటు మధ్యలో గుండ్రంగా గీత గీసి, గీత వెంట బరమాతో చిల్లులు వేసి, ఉలితో తొలిచాను. ఆవిడ చర్మం ఉల్లిపొరలా ఉండేది, అందుకని ఆ అంచుని ఉప్పుకాగితంతో ఆరుసార్లు రుద్దాను. ముందు కాళ్లు వెనక వాటికంటే రెండు వేళ్లు కురచ చేశాను, ముందుకి వాలితే లేవడం సులువని. చేతులు ఆనించే చోట పట్టుకోవడానికి గుండ్లు చెక్కాను. కన్నం కింద మట్టికుండ కూర్చునేట్టు చట్రం, పైన మూత. మూత పెట్టి దుప్పటి మడత వేస్తే మామూలు కుర్చీయే. చెక్క మీద ఉన్న నల్ల ఇంగ్లీషు అక్షరాలు లోపలి వైపుకి వచ్చేట్టు చూసుకున్నాను.

మొదటిసారి కూర్చోబెట్టగానే, "బయటికి పోవే" అంది అత్త. పోయి బావి దగ్గర నిలబడ్డాను. పిలిచేదాకా రాలేదు. వచ్చేసరికి ఆవిడ రెండు గుండ్లు పట్టుకుని ఏడుస్తోంది. "ఒక్కదాన్నే కూర్చున్నానే. నాలుగు నెలలకి ఒక్కదాన్నే." తర్వాత ముఖం తుడుచుకుని, "కృపకి చెప్పమాక. కొడుక్కి ఇట్టాంటియ్యి తెలియకూడదు" అంది.

"ఆయన అడిగితే గదత్తా చెప్పడానికి" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ రోజు ఆవిడ చెంబెడు నీళ్లు తాగింది, అన్నం రెండోసారి అడిగి పెట్టించుకుంది. వారం తిరిగేసరికి మంచం పట్టె పట్టుకుని తనంతట తనే కుర్చీలోకి జరగడం నేర్చుకుంది. రంపాన్ని పాములా చూసిన మనిషి మంచం మీద నుంచి కేకవేసేది, "ఒసే, కొత్త పెట్టె వచ్చింది. చెక్క బాగుంది, పొయ్యిలో పెట్టమాక!"

అట్లా పద్నాలుగు నెలలు గడిచాయి.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో, అరవై వేసవిలో, మా ఆయన ఒక వార్త మోసుకొచ్చాడు. స్కూళ్లలో చేతిపనులు నేర్పడానికి క్రాఫ్టు టీచరు పోస్టు పడుతోందట. నందిగామలో టీచర్ల ప్రదర్శన పెడుతున్నారట. అందులో ఎవరి వస్తువులు బాగుంటే వాళ్లకి అవకాశమట. "మన గిన్నెల స్టాండు, పీట, దీపం స్టాండు పెడదాం" అన్నాడు.

"మనవా?" అన్నాను.

"ఇంట్లో నీదీ నాదీ ఏముంది దేవమణీ? ఆడదాని పేరు పెడితే వాళ్లు పోస్టు ఇస్తారా? పేరుదేముంది చెప్పు."

పేరుదేమీ లేకపోతే నా పేరే పెట్టొచ్చుగా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. పెద్ద పనివాడు చిన్న చెక్కముక్క కోసం పోట్లాడడని నాన్న అనేవాడు. ఈ ముక్క చిన్నదో కాదో నాకు అప్పటికి తేలలేదు.

"నువ్వూ రావాలి. అతిథులకి ఉప్మా నీ చేత చేయిస్తానని హెడ్మాస్టరుగారికి మాటిచ్చాను."

ఆ రోజు అత్తకి పొద్దున పనులన్నీ ముగించి, కుర్చీ వేడినీళ్లతో కడిగి, కుండ తోమి పెరట్లో ఎండకి బోర్లించాను. పక్కింటి సౌభాగ్యమ్మక్కకి గంజి అప్పగించి, పది గంటలకల్లా కుండ తెచ్చి చట్రంలో పెట్టమని కూడా చెప్పి, మొదటి బస్సెక్కాను. మా ఆయన దశరథరామయ్యగారి లారీలో సామానుతో వెనక వస్తానన్నాడు.

నందిగామలో హాలు వెనక రేకుల షెడ్డులో మధ్యాహ్నం దాకా రవ్వ వేయిస్తూనే ఉన్నాను. నేను పుట్టిన ఊరు. నాన్న కొట్టిన కిటికీలు రెండు వీధుల అవతల ఉన్నాయి. చూసి రావడానికి కూడా తీరిక దొరకలేదు. మూడు కావస్తుండగా కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టాను.

అత్త కుర్చీ అక్కడ ఉంది.

వేదిక పక్కన, అందరికీ కనపడేట్టు. మూత తీసి ఉంది. కన్నంలో కొత్త కూజా కూర్చోబెట్టి ఉంది, మెడకి మల్లెదండ. చేతి మీది గుండుకి ఒక అట్ట వేలాడుతోంది. మా ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. 'కూజా కుర్చీ. తయారు చేసినవారు: కె. కృపారావు మాస్టారు.'

ఆయన గొంతు వినిపిస్తోంది. "మూత వేస్తే కుర్చీ. మూత తీస్తే కూజా స్టాండు. ఎండాకాలం స్కూలు పిల్లలకి చల్లటి మంచినీళ్లండి." అంటూ కూజా వంచి గ్లాసు నింపి, రెండు చేతులతో సమితి ప్రెసిడెంటు బసవయ్యగారికి అందించాడు. బసవయ్యగారిది పెనుగంచిప్రోలు, పెద్ద రైతు. మా వాళ్ల చేతి నీళ్లు ఆయన ఎన్నడూ ముట్టినవాడు కాదు. మా స్కూలుకి వచ్చినా ఆయన మరచెంబు ఆయన వెంట వచ్చేది. ఆ రోజు పక్కన ఇన్‌స్పెక్టరు వీరరాఘవయ్యగారున్నారు, ఎదురుగా నూరుమంది టీచర్లున్నారు. బసవయ్యగారు ఒక్క క్షణం గ్లాసు వైపు చూసి, ఎత్తి తాగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కూజా కొత్తది, నీళ్లు మంచివి, కుర్చీ పొద్దున నేనే కడిగాను. బసవయ్యగారి ఒంట్లోకి చెడ్డది ఏమీ పోలేదు. నేను అక్కడ కొయ్యబారిపోయింది అందుకు కాదు. మా ఆయనకి తెలియదు. ఒకే ఇల్లు, ఒకే కప్పు, పద్నాలుగు నెలలు. అత్త దాచమంది, నేను దాచాను, నిజమే. కానీ నడవలేని తల్లి ఎక్కడికి పోతోందని ఆయన అనుకున్నాడు? గంప రోజుల్లో నేను గంప నెత్తిన పెట్టుకుని ఆయన మేజా పక్క నుంచే పోయేదాన్ని. అందులో ఏముందనుకున్నాడు? పెరట్లో రోజూ ఎండే కుండ ఎందుకనుకున్నాడు? ఏమీ అనుకోలేదు. అబద్ధమాడి దొంగతనంగా తెచ్చినా ఇంత దిమ్మెరపోయేదాన్ని కాదు. ఆయన నిజంగా, మనస్ఫూర్తిగా, ఆ కన్నం కూజా కోసమే అనుకున్నాడు. తల్లికి కడుపు ఉందనీ, కడుపులోకి పోయింది బయటికి రావాలనీ ఆ చదువుకున్న బుర్రకి ఒక్కసారి కూడా తట్టలేదు. నేను ఎవరితో కాపురం చేస్తున్నాను ప్రభువా అనుకున్నాను.

అంతలో గోడగడియారం కొట్టింది. మూడు. అత్త పొద్దుటి నుంచి ఇంట్లో ఉంది. కుర్చీ ఇక్కడ ఉంది.

పళ్లెం బల్ల మీద పెట్టేసి, ఆయన ఇటు వచ్చినప్పుడు స్తంభం పక్కకి పిలిచాను. "ఏమండీ, ఆ కుర్చీ తెచ్చారేంటి? అది అత్తకి కావాలి."

"ఇప్పుడు కాదు." ఆయన ముఖం వెలిగిపోతోంది. "బసవయ్యగారు నా చేతి నీళ్లు తాగారు, చూశావా?"

"చూశాను. కుర్చీ ఇంటికి పంపండి. అత్తకి—"

"ఇంకోటి చేద్దువులే. కాఫీ చల్లారిపోతోంది, అటు ఇవ్వు."

ఇంకోటి చేద్దువులే. ఆ మాట ఎవరికీ వినపడకుండా అన్నాడు. నేను చేస్తానని ఆయన ఒప్పుకున్నది అంత చిన్న గొంతుతోనే.

ఇన్‌స్పెక్టరుగారు కుర్చీ చుట్టూ తిరుగుతున్నారు. వంగి కాళ్లు చూశారు, గుండ్లు పట్టుకుని చూశారు. పని తెలిసిన మనిషిలాగే ఉన్నారు. "మాస్టారూ, ముందు కాళ్లు కురచగా పెట్టారేమిటి?"

"అదొక ఫ్యాషనండి" అన్నాడు మా ఆయన.

బసవయ్యగారు మీసం తుడుచుకుంటూ, "బాగుందయ్యా. దీన్ని సమితి ఆఫీసులో ఉంచండి. ఇక ఇంటికి పంపమాకండి. మాస్టరు పోస్టు సంగతి మనం చూద్దాం" అన్నారు. మా ఆయన నమస్కారం పెట్టాడు.

నేను కాఫీ ఇస్తూ ఆ వరస చివరికి వచ్చి ఉన్నాను. మాట్లాడాలని ముందే అనుకుని మాట్లాడింది కాదు. ఫ్యాషను అనే మాట చెవిలో పడ్డాక, సమితి ఆఫీసు అనే మాట దాని మీద పడ్డాక, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఫ్యాషను కాదండి. తుంటి విరిగిన మనిషి ముందుకి వాలి లేవాలంటే సీటు వాలుగా ఉండాలండి. ఆ గుండ్లు పట్టుకుని లేవడానికండి. అది మా అత్తగారు దొడ్డికి కూర్చునే కుర్చీ అండి. ఆమెకి అదొక్కటే. పొద్దుటి నుంచి లేదు. నేను తీసుకుపోవాలండి."

కూజా మెడలో మల్లెదండ వైపు అందరూ చూస్తున్నారు. బసవయ్యగారు లేచారు. ముఖం జేవురించింది. బయటికి పోయి, గోడవారన నిలబడి, మరచెంబు తెప్పించుకుని పుక్కిలించడం మొదలుపెట్టారు. ఒకసారి, రెండుసార్లు, ఎన్నిసార్లో. ఎవరో ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. కడిగిన చెక్కకి ముక్కు ఎందుకు మూసుకోవాలో నాకు తెలియలేదు.

ఇన్‌స్పెక్టరుగారు మాత్రం కదల్లేదు. "ఎవరు చేశారమ్మా దీన్ని?"

"నేనేనండి."

ఆయన అట్ట వైపు చూశారు, మా ఆయన వైపు చూశారు. మా ఆయన నా వైపు చూడలేదు.

కూజా తీసి కింద పెట్టి, కుర్చీ ఎత్తుకుని షెడ్డులోకి వచ్చాను. కుర్చీ నెత్తిన పెట్టుకోవడానికి చెంగు చుట్ట చుట్టుకుంటుంటే టీచర్ల భార్యలు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. తిడతారనుకున్నాను. ఒకావిడ మూత ఎత్తి చూసి, "అంచు గీసుకోదా?" అంది. ఇంకొకావిడ "కుండ ఏ సైజుది?" అంది. మగవాళ్లు ముక్కులు మూసుకున్నారు, ఆడవాళ్లు కొలతలు అడిగారు. నేను బిత్తరపోయి చూస్తుంటే, బహుమతులివ్వడానికి వచ్చిన బసవయ్యగారి భార్య పుష్పవతమ్మగారు పట్టుచీర ఎత్తిపట్టుకుని ఆ పొగ షెడ్డులోకి వచ్చారు. అందరూ తప్పుకున్నారు. ఆవిడ గుండు మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నారు. "మా అత్తగారు రెండేళ్లబట్టీ మంచంలో ఉందమ్మా. ఒకటి చేసిపెడతావా? మా ఇంట్లో మగవాళ్లతో మాత్రం అనమాక."

కుర్చీ బస్సు టాపు మీద వేయించి, దీపాలు పెట్టకముందే ఇల్లు చేరాను. గుమ్మంలోనే సౌభాగ్యమ్మక్క ఎదురొచ్చింది. "గంజి ముట్టలేదు. నీళ్లు ముట్టలేదు. కుర్చీ లేదు, గంపన్నా తెస్తానన్నా వద్దంది. మధ్యాహ్నం నుంచి నన్ను లోపలికే రానివ్వట్లేదు మణీ" అంది.

వసారాలోకి పోయాను. వాసన చెప్పింది. అత్త దుప్పటి మెడదాకా లాక్కుని గోడ వైపు తిరిగి ఉంది. నీళ్లు కాచి, ఒళ్లు కడిగి, పక్కబట్టలు మార్చి, కుండ తెచ్చి కుర్చీలో పెట్టి, ఆవిడని కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. మూడు గ్లాసులు తాగింది. అప్పుడు అడిగాను.

"ఆయన నీ కళ్లముందే తీసుకుపోయాడా అత్తా?"

"ముందే. గడప దాటి లోపలికొచ్చాడు. చెప్పులు కూడా విడవలా." ఆవిడ గుండ్లు గట్టిగా పట్టుకుంది. "ఏడాది దాటింది గదే, వాడు నా మంచం దాకా వచ్చి. నాకోసం వస్తన్నాడనుకున్నా. లేచి కూర్చోబోయా."

"మరి చెప్పలేదా?"

"దాన్నెందుకురా అన్నా. 'నీకు కుర్చీ దేనికమ్మా, మంచం మీదుండేదానివి' అన్నాడు."

హాల్లో పడ్డ దెబ్బ దీని ముందు ఏపాటిది. ఆవిడ నా వైపు చూడకుండా అంది. "ఎట్టా చెప్పనే మణీ. పాలిచ్చి పెంచా. వాడి ముడ్డి కడిగా. నాకూ ఉంటదిరా అని వాడికి చెప్పాలా నేను?"

కాసేపటికి, నేను పొయ్యి ముందు కూర్చుని ఉండగా మా ఆయన వచ్చాడు. చేతిలో ఆ అట్ట ఇంకా ఉంది. వాకిట్లో నిలబడే మొదలుపెట్టాడు. "నా పరువు తీశావు. నూరుమందిలో తీశావు. పోస్టు పోయింది, సరే, అది పోనీ. ఆ మనిషి నా చేతి నీళ్లు తాగాడు దేవమణీ! మా నాన్న బసవయ్యగారి తండ్రి చేలో ముప్ఫై ఏళ్లు చాకిరీ చేశాడు, మా నాన్నకి దోసిట్లో పోశారు నీళ్లు. ఇవాళ వాళ్లబ్బాయి నా గ్లాసు ఎత్తి తాగితే, నువ్వు పుక్కిలించేట్టు చేశావు." ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి.

ఆ నీళ్లు దొంగవి కావు. ఆ గోడవారన పుక్కిలించిన చప్పుడు నేనూ చచ్చేదాకా మర్చిపోను. కానీ ఆయన పరువుకి ఇంత దాహం ఉంటే, లోపల ఒక ముసలమ్మ పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా పడుకున్న దాహం సంగతేమిటి? రెండూ ఒక ఇంట్లోవే. ఒకటే ఆయనకి తెలుసు.

"ముందు ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది? అది దానికని నాకేం తెలుసు?" అన్నాడు.

"తెలియదు. అదే నేనూ అంటున్నాను" అన్నాను. ఇంకా ఏదో అనబోయాను. అంతలో వసారాలోంచి అత్త పిలిచింది.

ఆ వేళప్పుడు ఆవిడ పిలిచేది నన్ను. "మణీ, అయిందే" అనేది. నేను ఏ పనిలో ఉన్నా చేతులు తుడుచుకుని లేచేదాన్ని. ఆ పిలుపుకి నా కాళ్లు ఎంత అలవాటు పడ్డాయంటే, అప్పటికే సగం లేచాను.

"ఒరే కృపా."

నేను ఆగిపోయాను. ఆయన గడప దాకా పోయి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. "ఏంటమ్మా? ఎట్టా ఉంది?"

"అక్కడ కాదు. లోపలికి రా." అంది మా అత్త. "నాకు కుర్చీ దేనికన్నావుగా. వచ్చి చూడు."

ఆయన తలుపు చెక్క పట్టుకుని నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు తెలుసు. చిరిగిన చొక్కా ఇచ్చేటప్పుడూ, ఎంగిలి కంచం జరిపేటప్పుడూ చూసే చూపే. నేను లేవలేదు. పొయ్యి పక్కకి జరిగి, రాయి ముందుకి లాక్కున్నాను. పుష్పవతమ్మగారి అత్తగారి కుర్చీకి ముప్ఫై మేకులు కావాలి. మొదటి మేకు రాతి మీద పడుకోబెట్టాను. ఈ కుర్చీ సీటు అడుగున కాల్చిన మేకుతో నా పేరు రాద్దామనీ, ఇకమీదట చేసేవాటన్నిటికీ రాద్దామనీ అప్పుడే అనుకున్నాను.

"కుర్చీ నేను చేశాను" అన్నాను. "కుండ వెనక నుంచి తియ్యాలి. రెండు చేతులతో పట్టుకోండి, తొణక్కూడదు. పారబోసి, బూడిదతో తోమి, మళ్లీ చట్రంలో పెట్టాలి."

నేను మేకు తడుతూనే ఉన్నాను. ఆరో మేకు తిన్నగా అయ్యేసరికి గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది.